బాలికా సంరక్షణాలయమున దినచర్య

గడచిన సంవత్సరము వేసవి సెలవులకు ముందు మేము ఏడవ తరగతి విద్యార్థినులను "మా యిల్లు" అను శీర్షికతో నొక వ్యాసము వ్రాసి తెమ్మంటిమి. ఇది ఉపాధ్యాయులందరును ఏటేట నిచ్చు వ్యాసమే. మేమును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి వెలువడిన నాటినుండి ఇచ్చుచునే యున్నాము. మరునాడు పుస్తకములు దిద్దుచుండగా నొక పుస్తకమున శీర్షికయు, దాని క్రింద స్కేలుతో చక్కగా గీచిన గీతయు మాత్రమే కనబడినవి. తక్కిన పుట ఖాళీగా నుండెను. ఆ బాలిక తరగతిలో వెనుకబడినది కాదు. పద్యము నొకమారు వినిన నప్పగింపగలది. ఎందులకు వ్రాయలేదని యడుగగా, "ఏ యిల్లు వ్రాయాలో తెలియలేదండీ" అనెను.

ఆ బాలిక మన పాఠశాలకు రెండు కిలోమీటర్ల దూరమున నున్న బాలికా సంరక్షణాలయమునుండి వచ్చుచున్నది. ఉదయము తొమ్మిదింటికి రెండు వరుసలుగా నడచి వచ్చు బాలికలను మన విద్యార్థులందరును ఎరుగుదురు. వారిని "హోము పిల్లలు" అని పిలుచుటయు నెరుగుదురు. మేమును అట్లే పిలుచుచుంటిమి. సాయంకాలపు గంట మ్రోగిన పిమ్మట వారు పోవు చోటెట్టిదో, అచ్చట వారేమి తినెదరో, ఎవరు వారి తల దువ్వెదరో ఇన్ని సంవత్సరములు మే మొక్కనాడును విచారింపలేదు. ఇది మాకు సిగ్గు కలిగించిన సంగతి. కావున ఆశ్రమాధికారిణిగారి యనుమతిపై జూలై మొదలు జనవరి వరకు పలుమారు లచ్చటికి వెళ్లి, ఒక పర్యాయము తెల్లవారుజాము మొదలు మరునాటి తెల్లవారుజాము వరకును ఉండి చూచిన దానిని చదువరులకు తెలుపబూనితిమి. ఆశ్రమము పేరు గాని, బాలికల పేర్లు గాని యిందు వ్రాయలేదు. అది మర్యాద మాత్రమే కాదు, చట్టము. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 74వ సెక్షను ప్రకారము ఇట్టి బాలల గుర్తు తెలియునట్లు పేరు గాని, చిత్రము గాని, పాఠశాల పేరు గాని ప్రకటించిన వారికి ఆరు నెలల వరకు కారాగారము, లేదా రెండు లక్షల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. సెల్‌ఫోనులతో చిత్రములు దీయు మన విద్యార్థులును, తలిదండ్రులును దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

మొదట నొక పొరపాటు దిద్దవలసి యున్నది. ఇచ్చటి బాలికలందరును తలిదండ్రులు లేని యనాథలని మనలో పెక్కుమంది తలంపు. మేము చూచిన ఆశ్రమమున నలుబదిమంది బాలికలు గలరు. వారిలో తల్లిదండ్రు లిరువురును లేనివారు కొందరే. తక్కినవారికి తల్లియో, తండ్రియో, ఒక్కొక్కరికి ఇరువురును గలరు. ఒకతె తండ్రి మరణింపగా తల్లి పని వెదకికొనుచు కువైటునకు పోయెను. ఒకతె తల్లి చిరకాలముగా మనోవ్యాధితో నున్నది. ఒకతెకు పదునాలుగవ యేట పెండ్లి చేయబోగా అధికారులు నిలిపివేసిరి. ఇంకొకతె రైలుస్టేషనులో ఏ బండి యెక్కివచ్చినదో చెప్పలేక యేడ్చుచు దొరికినది. చట్టము వీరిని "సంరక్షణయు రక్షణయు నవసరమైన బాలలు" అని పిలుచుచున్నది. పదునెనిమిది యేండ్లు నిండనివారందరును ఆ చట్టమునకు బాలలే.

ఇట్టి బాలిక యెవరికైన కనబడినచో 1098 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవచ్చును. ఎవరు తెచ్చినను, ప్రయాణమునకు పట్టు కాలము గాక ఇరువదినాలుగు గంటలలో ఆమెను జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెను. ఆ సమితియందు అధ్యక్షులును, నలుగురు సభ్యులును ఉందురు. సభ్యులలో ఒకరైన స్త్రీ యుండవలెను. ఇంటి స్థితిగతులు విచారించి, ఇంటికి పంపుటయా, బంధువుల కప్పగించుటయా, ఆశ్రమమున నుంచుటయా యని నిర్ణయించువారు వీరే గాని ఆశ్రమమువారు కారు. మన తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వమువారు నడుపు బాలికల గృహములకు బాలసదనములని పేరు. ఆరేండ్లలోపు శిశువులకు శిశుగృహములు వేరుగా నున్నవి. ధర్మసంస్థలవారు నడుపునవియు ఆ చట్టము క్రింద రిజిస్టరు కావలసినదే. కానిచో నడుపువారు శిక్షార్హులు. బాలికల గృహములలో అధికారిణి మొదలు తక్కిన సిబ్బంది వరకు స్త్రీలే యుండవలెనని నిబంధన.

ఇక దినచర్య. గంట ఐదింటికి మ్రోగును. కాని యా యింట దినము ఐదింటికి మొదలు కాదు. మేము రాత్రి యున్న నాడు నాలుగు గంటల వేళ మెలకువ వచ్చి చూడగా, బాలికలు "పెద్దమ్మ" అని పిలుచు గృహమాత చిన్న దీపముతో పడకల నడుమ తిరుగుచుండెను. రెండు పడకలయొద్ద నిలిచి, పిల్లలను మెల్లగా లేపి, బట్టలు మార్చి, దుప్పటులు చుట్టి పట్టుకొనిపోయెను. క్రొత్తగా వచ్చిన పిల్లలు, భయపడిన పిల్లలు, ఒక్కొక్కప్పుడు పదేండ్లు దాటిన పిల్లలును పక్క తడుపుదురు. గంట మ్రోగునప్పటికి ఆ దుప్పటులు ఉతికి వెనుక పెరటిలో ఆరవేసి యున్నవి. తక్కిన పిల్లల కా సంగతి తెలియదు. మేము దీనిని గూర్చి యడుగగా పెద్దమ్మ, "ఐదింటికి లేపితే అందరూ చూస్తారమ్మా" అని మాత్రము చెప్పెను. శిక్షణ కళాశాలలో మేము శిశుమనస్తత్వశాస్త్రము చదివి పరీక్షలో నుత్తీర్ణులమైతిమి. ఆమె యెనిమిదవ తరగతితో చదువు చాలించినదట.

ఐదింటినుండి ఆరున్నర వరకు జరుగునది స్నానములు, తలదువ్వుట. ఏడుగురు బాలికల కొక మరుగుదొడ్డియు, పదిమంది కొక స్నానపుగదియు నుండవలెనని నియమము. నలుబదిమంది బడికి పోవలసినచోట నలుగు స్నానపుగదులకు ముందు వరుస యెట్లుండునో ఊహించుకొనవచ్చును. ఒక పలకపై వారపు వంతులు వ్రాసియుండును. చలికాలమున ముందు వంతు ఎవరికిని వలదు, వేసవిలో అందరికిని కావలెను. పలకపై అక్షరములు చెరిపి మార్చుటయు కలదట!

తలదువ్వుటను గూర్చి కొంత విపులముగా వ్రాయవలసి యున్నది. ఆశ్రమమున మాకు మిక్కిలి యాశ్చర్యము కలిగించిన పని యిదియే. ఒక్కొక్క పెద్దపిల్లకు ఇద్దరు చిన్నపిల్లల నప్పగింతురు. వరండామెట్లమీద పై మెట్టున పెద్దది, క్రింది మెట్టున చిన్నది, దాని క్రింది మెట్టున ఇంకను చిన్నది కూర్చుండగా, ఒకరి తల యొకరు దువ్వుదురు. నెలకు తలకొక నూరు గ్రాముల నూనె. చిక్కు తీసి, పేలదువ్వెనతో పేలును ఈపులును దువ్వి, పాపిట తీసి, రెండు జడలు వేసి, మడచి రిబ్బనుతో కట్టవలెను. ఈ పని జరుగుచుండగా మాటలును జరుగును. ఎవరికి జ్వరము, ఎవరికి లెక్కలు రావు, ఎవరి తల్లి యీసారి రాలేదు అను సంగతులు అధికారిణి పుస్తకమున నెక్కుటకు ముందే యా మెట్లమీద తెలియును.

ఆగస్టులో ఆరేండ్ల బాలిక యొకతె వచ్చినది. తల జడలు కట్టియుండెను. ఎవరు చేయివేయబోయినను గోడకు వీపు నానించి నిలుచును. ఇట్టిచోట క్షవరము చేయించుట సులభోపాయము. పూర్వ మట్లు చేయుచుండిరని విన్నాము. ఇచ్చట చేయలేదు. ఆమె కప్పగింపబడిన పదవ తరగతి బాలిక తొమ్మిది దినములు దువ్వెన చేతబట్టుకొని ఆ పిల్లకు దగ్గరగా క్రింది మెట్టున, వీపు త్రిప్పి కూర్చుండెనట. పదవనా డా పిల్ల తానే దువ్వెన తీసికొని పెద్దదాని తల దువ్వెను. పదుమూడవ నాటికి తన తల ముట్టనిచ్చెను. చిక్కు తీయుటకు నాలుగు దినములు పట్టినది. ఆ వారమున పదవ తరగతి బాలిక మన పాఠశాలకు రెండు దినములు ఆలస్యముగా వచ్చినది. మేము హాజరుపట్టీలో ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టితిమి, కారణ మడుగలేదు.

ఉదయపు ప్రార్థన కొలది సేపే. ఆశ్రమమున మూడు మతముల పిల్లలు గలరు. ఎవరి ప్రార్థన వారు చేసికొనవచ్చును, ఊరక కూర్చుండనువచ్చును. పిమ్మట ఫలహారము. రాగిజావ, ఉప్మా, పులిహోర, ఆదివారము ఇడ్లీ.

వంటయింటి లెక్క మన విద్యార్థులకు పనికివచ్చునది. ప్రభుత్వమువారి 2016వ సంవత్సరపు మాదిరి నియమావళిలో బాల కొకదినమునకు ఇన్ని గ్రాములని తూకములు నిర్ణయింపబడియున్నవి. బియ్యము, గోధుమలు, రాగులు, జొన్నలు కలిపి 600 గ్రాములు. పదునారు మొదలు పదునెనిమిది యేండ్లవారికి 700. ఇందులో కనీసము 100 గ్రాములు బియ్యము గాక ఇతర ధాన్యముండవలెను. పప్పు 120 గ్రాములు, ఆకుకూరలు 100, ఇతర కూరలు 130, నూనె 25, పెరుగో మజ్జిగయో 100 గ్రాములు, ఉదయము పాలు 150 మిల్లీలీటర్లు. వారమున కొకనాడు కోడిమాంసము, లేదా నాలుగు దినములు గ్రుడ్లు. శాకాహారులకు బెల్లము వేరుసెనగలు గాని, పాలవిరుగుడు గాని. నలుబదిమందికి గుణించి చూడుడు. దినమునకు ధాన్యము 24 కిలోలకు తక్కువ గాదు, పప్పు 4 కిలోల 800 గ్రాములు, ఆకుకూర 4 కిలోలు, కూరగాయలు 5 కిలోల 200 గ్రాములు, పాలు 6 లీటర్లు. నాలుగు కిలోల గోంగూరనో తోటకూరనో ఆకాకు గిల్లుట కెంత సేపు పట్టునో గుణకారము చెప్పదు. ఆ పని ముందునాటి సాయంకాలము బాలికలందరును చాపమీద కూర్చుండి చేయుదురు. పొయ్యిదగ్గరకు మాత్రము వారిని పోనీయరు. తమ కంచము తాము కడుగుకొనుట, తమ పడక తాము సవరించుకొనుట, వంతుప్రకారము వాకిలి యూడ్చుట. అంతకు మించి పని చెప్పరాదు. వంటచేయునామె జీతమునకున్న మనిషి. ఆమె తూకమునకు త్రాసును నమ్మదు. పాత చేటతో కొలిచి సరిగా 24 కిలోలు వేయును. మేము త్రాసుతో పరీక్షించి యోడిపోతిమి.

ప్రతి మంచము క్రిందను ఒక్కొక్క రేకుపెట్టె గలదు. దాని తాళపుచెవి బాలిక మెడలో దారమునకు వ్రేలాడును. పడుకొను గదియు, స్నానపుగదియు, వంటయిల్లును అన్నియు అందరివియే యగుటచే ఆ పెట్టె యొక్కటియే తనది. అధికారిణిగారును వారి యనుమతి లేక దానిని తెరువరు. ఒకతె మాకు తన పెట్టె తెరచి చూపినది: రెండు జతల దుస్తులు, పోయిన యేటి ప్రగతిపత్రము, నాయనమ్మ చీరకొంగు ముక్క, నలుగు గాజులు, ఒక బస్సుటికెట్టు. టికెట్టెందుకని మే మడుగలేదు.

పాఠశాలలో గడచు కాలమును గూర్చి వ్రాయనక్కరలేదు. అది చదువరు లెరిగినదే. నాలుగున్నరకు తిరిగిపోయి వేరుసెనగలు, బెల్లము తిని, ఆరింటివరకు ఆడుదురు. తొక్కుడుబిళ్ల, కోకో, తాడాట. మన యాటలపోటీలలో కోకో బహుమతి వరుసగా మూడేండ్లు వారి జట్టే తీసికొనిపోవుటకు హేతువు వారి పెరటిలో మాకు దెలిసినది. అచ్చట ఎనిమిదేండ్లది మొదలు పదునేడేండ్లది వరకు కలిసి యాడుదురు. చిన్నది పెద్దదానిని తప్పించుకొనుట నేర్వక గతిలేదు.

సంధ్యవేళ కష్టమైన వేళ. ఆరున్నరకు దీపములు పెట్టిన పిమ్మట ఊరిలో ప్రతి యింటినుండియు ఎవరినో పేరుపెట్టి లోనికి పిలుచు కేకలు ప్రహరీగోడమీదుగా వినవచ్చును. చిన్నపిల్లలు ఆ వేళనే యేడ్తురు. గృహమాతలు ఆ సంగతి యెరిగి సరిగా అప్పుడే చదువుగంట కొట్టుదురు. ఆరున్నరనుండి ఎనిమిది వరకు చదువు. ఒక యుపాధ్యాయిని వచ్చును గాని నలుబదిమందికి పది తరగతుల పాఠము లొక్కరు చెప్పజాలరు. ఆ లోపము పెద్దపిల్లలు తీర్తురు. ఏడవ తరగతి బాలిక నాలుగవ తరగతి బాలికకు భాగహారము నేర్పుచుండగా మేము వెనుక నిలిచి వింటిమి. మేము చెప్పిన తప్పునే ఆమెయు చెప్పుచుండెను. మరునాడు తరగతిలో దానిని దిద్దుకొంటిమి. ఎనిమిదింటికి భోజనము, తొమ్మిదింటికి నిద్ర.

ప్రతి నెల రెండవ ఆదివారము బంధువులు వచ్చు దినము. ఆ నాడు తలలు దువ్వుటకు రెండింతలు కాలము పట్టును. పదింటినుండి మెట్లమీద నెవరును కూర్చుండరు. ఇనుపగేటు కనబడు కిటికీలయొద్దనే యుందురు. తల్లులు అరటిపండ్లు, జంతికలు తెత్తురు. రానివారి పిల్లలు మూడింటివరకు కనిపెట్టి, పిమ్మట ఉతుకవలసిన బట్టలు లేకున్నను బట్టలుతుకబోవుదురు. ఫోనులో మాటలాడుటకును వేళ కలదు. కువైటున నున్న తల్లి శుక్రవారము మాటలాడును, అచ్చట నది సెలవుదినము గాన.

బాలికలు తమ కష్టము చెప్పుకొనుటకు మార్గములున్నవి. వయస్సుల ననుసరించి వారిలో వారికి సంఘములు గలవు. కార్యాలయమునకు దూరముగా నడవలో నొక సూచనల పెట్టె వ్రేలాడుచుండును. దాని తాళపుచెవి అధికారిణి చేతిలో నుండదు, నిర్వహణ సంఘాధ్యక్షులయొద్ద నుండును. పిల్లలను కొట్టినచో సిబ్బందికి మొదటిసారి పదివేల రూపాయల జుల్మానా, మరల చేసినచో మూడు నెలల వరకు కారాగారము. నియమములు వ్రాసినంతమాత్రమున నన్ని గృహములును బాగుగా నున్నవని మేము చెప్పము. బాగుగా లేనివియు గలవు, పత్రికలలో చదువుచున్నాము. అందుచేతనే ఊరివారు ఆ గేటు లోపల నేమి జరుగుచున్నదో యెరిగియుండవలెను. ఎవరును పోని గృహములోనే చెడుగు దాగుట సులభము.

పోవుట యనగానే జన్మదినపు విందులు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఊరిలో ధనికు లెవరైన తమ బిడ్డ పుట్టినరోజున అచ్చటికి బిర్యానీ పంపుట యాచారమైనది. ఉద్దేశము మంచిదే. కాని బాలికలను వరుసగా నిలువబెట్టి పాట పాడించి, కేకు కోయు బిడ్డచుట్టు నిలిపి చిత్రములు దీయుట మంచిది కాదు, చట్టసమ్మతమును కాదు. మేమున్న దినములలో ఒక వారమున మూడు విందులు వచ్చినవి; పిమ్మట మూడు వారములు ఒక్కరును రాలేదు. సూచనల పెట్టెలో దొరికిన చీటీ యొకటి అధికారిణిగారు మాకు చూపిరి: "మా పుట్టినరోజులు కూడా చేయండి." ఇందులో నొక చిక్కు గలదు. వారిలో కొందరి పుట్టినదినము ఎవరికిని తెలియదు. బడిలో చేర్చునప్పుడు మనమే జూన్ నెలలో నేదో తేదీ వేయుచున్నాము. నలుబదిమందిలో పదునొకండుగురు జూనులో పుట్టినట్లున్నది మన రిజిస్టరు. తిరునెల్వేలి ప్రాంతమున దోనావూరులో ఏమీ కార్మైకేల్ దొరసానిగారు 1901వ సంవత్సరము మొదలుకొని బాలికలను చేరదీసి పెంచిరి. అచ్చట పుట్టినదినము తెలియని పిల్లలకు వారు వచ్చిన దినమునే యేటేట పండుగ చేయుచుండిరి. పిల్లలను చిన్న చిన్న కుటుంబములుగా నుంచి, పెంచువారిని అక్క యని పిలిపించిరి. ఈ సంగతి అధికారిణిగారితో ముచ్చటించితిమి. నవంబరులో మొదటిసారి "వచ్చిన దినము" జరిగినది. పాయసమును, ఆ బాలిక కోరిన కూరయు వండిరి. ఆమె కోరినది వంకాయ. తక్కిన ముప్పదితొమ్మండుగురిలో సగము మందికి వంకాయ గిట్టదు!

ఇట్టి గృహములు మన దేశమునకు క్రొత్తవి కావు. పండిత రమాబాయిగారు 1889వ సంవత్సరమున బొంబాయిలో శారదాసదనము స్థాపించి, మరుసటి యేడు పూనాకు మార్చిరి. 1896–97 నాటి క్షామమున మధ్యపరగణాలనుండి సుమారు మూడు వందలమంది బాలికలను, స్త్రీలను తెచ్చి కేడ్‌గాఁవ్ పొలములో ఆశ్రయమిచ్చిరి. అదియే ముక్తి సదనము. 1900 నాటి క్షామము తరువాత అచ్చట వేయిమందికి పైగా నుండిరి. నేత, కుట్టు, సేద్యము, పాడి, అచ్చుపని నేర్పిరి. మన గుంటూరిలో ఉన్నవ లక్ష్మీనారాయణగారును, లక్ష్మీబాయమ్మగారును 1922లో శారదానికేతనము నెలకొల్పిరి. ఆ కాలమున ఆశ్రయము లేని స్త్రీకి గోడయు, అన్నమును, అక్షరమును దొరకుటయే గొప్ప. వందలమంది నొకచోట జేర్చుట తప్ప గత్యంతరము లేకుండెను.

నేటి చట్టము మాటలాడు తీరు వేరు. బాలికకు కుటుంబమే మొదటి చోటు. ఆశ్రమము కడపటి చోటు. తన యింటికి పంపుట, బంధువులయొద్ద నుంచుట, దత్తత, పెంపుడుకుటుంబము, ఇవి కుదరనప్పుడే గృహము. దీనిని తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలెను. "పెట్టలేక యిక్కడ దించితిని" అని చెప్పు తల్లులను మేము ముగ్గురిని చూచితిమి. పేదరిక మొక్కటే కారణమైనచో బిడ్డను విడువనక్కరలేకుండ మిషన్ వాత్సల్య యను పథకము క్రింద నెలకు నాలుగువేల రూపాయల సహాయము గలదు. తండ్రిలేని పిల్లలకును, తలిదండ్రులు తీవ్రవ్యాధితో నున్న పిల్లలకును ఇది వర్తించును. కుటుంబాదాయము గ్రామములందు ఏడాదికి 72,000 రూపాయలకును, ఇతరచోట్ల 96,000 రూపాయలకును మించరాదు. జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెను. మేము చూచిన ముగ్గురు తల్లులలో నిద్దరి కీ సంగతి తెలియదు. ఒకామె దరఖాస్తు వ్రాయుటకు మేము తోడ్పడితిమి. ఆమెచేత ఆధార్ కార్డు మొదలు భర్త మరణపత్రము వరకు కాగితములు తెప్పించుటకు నాలుగు పర్యాయములు తిరుగవలసి వచ్చినది. డిసెంబరులో ఆ బాలిక యిల్లు చేరినది. ఇప్పుడు మన బడికి తిన్నగా ఇంటినుండియే వచ్చుచున్నది.

మా తప్పు నొకదానిని ఇచ్చట చెప్పుకొనవలెను. ప్రతి సంవత్సరము పుస్తకములు పంచునాడు లెక్క సులభమగుటకై "హోము పిల్లలు నిలుచుండుడు" అనుట మా యలవాటు. పదునెనిమిది యేండ్లుగా అట్లే అంటిమి. వారు నిలుచుండిరి, మేము లెక్కించితిమి, తక్కినవారు చూచిరి. ఆ ఖాళీ వ్యాసము వ్రాసిన బాలిక ఈ జూనులో నిలుచుండలేదు. మే మామె పేరు పెట్టి పిలిచితిమి. అప్పటికిని తల వంచుకొని కూర్చుండెనే గాని లేవలేదు. మాకు కోపము వచ్చిన మాట నిజము. తరువాతనే ఆశ్రమమునకు పోవుట మొదలుపెట్టితిమి. ఇప్పుడు పట్టిక కార్యాలయమునుండియే తెచ్చుకొని పుస్తకములు బల్లలమీద పెట్టించుచున్నాము. నిమిషము కూడ నెక్కువ పట్టుటలేదు. ప్రగతిపత్రముమీద "తండ్రి సంతకము" అను చోట "సంరక్షకుల సంతకము" అని అచ్చువేయింపవలెనని ప్రధానోపాధ్యాయులవారికి విన్నవించుకొంటిమి. రాబోవు సంవత్సరమునుండి యట్లు జరుగును.

మన విద్యార్థులు చేయగల పనులును గలవు. శనివారము సాయంకాలము గంటసేపు పోయి లెక్కలు, ఇంగ్లీషు చెప్పవచ్చును. అనుమతిపత్రము తలిదండ్రులు వ్రాసి యియ్యవలెను. ఒకవారము పోయి మరువారము మానువారు పోకుండుటయే మేలు. అచ్చటి పిల్లలు ఎవరు వచ్చెదరో, ఎవరు రారో లెక్కపెట్టుటలో మనకంటె నేర్పరులు.

పదునెనిమిది యేండ్లు నిండగానే గృహము విడువవలెను. ఇది మిక్కిలి కష్టమైన భాగము. మన యిండ్లలో పదునెనిమిదేండ్ల బిడ్డను గడపదాటి బజారునకు పంపుటకే సంకోచింతుము. చట్టము ప్రకారము ఇరువదియొక్క యేండ్ల వరకు, ప్రత్యేక సందర్భములలో మరి రెండేండ్ల వరకు అనంతర సంరక్షణ సహాయము దొరకును. చదువునకు, వసతికి, పనికి తోడ్పడవలెనని దాని యుద్దేశము. కాని దానికై అడిగి, వ్రాసి, వెంటబడువా రెవరైన నుండవలెను. ఆ పనిని ఈ యాశ్రమమున అధికారిణిగారు బాలికకు పదునారేండ్లు వచ్చినప్పుడే మొదలుపెట్టుచున్నారు. బ్యాంకులో ఖాతా, ఆధార్, కులపత్రము, ఓటరుగా నమోదు అన్నియు ముందే సిద్ధపరతురు.

ఈ జనవరిలో మేము కడపటిసారి పోయిన దినము ఆగస్టులో వచ్చిన చిన్నదాని తల దువ్విన బాలిక పదునెనిమిది నిండి వెడలుచుండెను. ఆలస్యముగా బడిలో చేరినది గాన పదవ తరగతి పరీక్ష యింకను వ్రాయవలసియున్నది. పట్టణమున స్త్రీల వసతిగృహమున చోటు దొరకినది. అచ్చటినుండి బస్సులో మన బడికి వచ్చును. ఉదయము మెట్లమీద చిన్నదానికి రెండు జడలు వేసి, రిబ్బను కట్టి, ఎనిమిదవ తరగతి బాలిక నొకతెను పిలిచి పాపిట ఎట్లు తీయవలెనో, చెవివెనుక నెక్కడ చిక్కు పడునో చూపించెను. రేకుపెట్టె మాత్రము వెంట తీసికొనిపోలేదు. వసతిగృహమున మంచము క్రింద చోటు చాలదట. పరీక్షలైన తరువాత వచ్చి తీసికొనిపోవుదునని పెద్దమ్మతో చెప్పి, తాళపుచెవి యామెకే యిచ్చి పోయినది.